పెద్దలకు ట్రస్టు, పేదలకు ఐపీ

2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్ ఓటరు మీట నొక్కలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది. బరిలో మిగిలినవారు వరుసగా తప్పుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. సరిగ్గా రెండు రోజులకు దేశమంతటా వారసత్వ పన్ను మీద రభస మొదలైంది. అమెరికాలో అలాంటి పన్ను ఉందని శామ్ పిట్రోడా అన్న మాటను పట్టుకుని, ప్రధాని నరేంద్ర మోదీ ఎల్‌ఐసీ ప్రచార నినాదాన్ని కాంగ్రెస్ మీదికి తిప్పి ఎద్దేవా చేశారు. ఆ మాటతో తమకు సంబంధం లేదని కాంగ్రెస్ చేతులు దులుపుకుంది. మీ తదనంతరం మీ ఆస్తి ఎవరి పాలవుతుందన్న భయం చుట్టూ ప్రచారం నడుస్తున్న వేళ, వజ్రాలకూ పట్టుబట్టకూ పేరుపడ్డ నగరం మాత్రం ఓటు వేసే పని లేకుండా కూర్చుంది.

ఆ వారం నేను సూరత్‌లోనే ఉన్నాను. పోలింగ్ లేని ఎన్నిక గురించి రాయడానికి వెళ్లి, ఆస్తి గురించి రెండు సంభాషణలు విని వచ్చాను. మొదటిది రింగు రోడ్డు బట్టల మార్కెట్ల సమీపంలోని ఒక ఆడిటర్ కార్యాలయంలో. వారసత్వ పన్ను వస్తుందా రాదా అన్నది ఆయనకు పెద్ద విషయంగా కనిపించలేదు. ‘‘వచ్చినా, అప్పటికి మా క్లయింట్ల పేర ఏమీ ఉండదు. ఉన్నదంతా ట్రస్టులో ఉంటుంది’’ అన్నారు నవ్వుతూ.

రెండోది లింబాయత్‌లో. సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ ప్రాంతాల నుంచి తరాలుగా తరలివెళ్లిన పద్మశాలీలు బతుకుతున్న చోటు అది. సూరత్ నగరపాలక సంస్థ ఇప్పటికీ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నదంటే మనవాళ్ల సంఖ్యను ఊహించుకోవచ్చు. అక్కడ కలిసిన ఒక నేత కార్మికుడు ఇరవై ఏళ్లు మీటరు లెక్కన కూలికి నేశాడు. మధ్యలో రెండేళ్లు ఎనిమిది సాంచాలు కిరాయికి పట్టి సొంతంగా నడిపి, నష్టపోయి, మళ్లీ కూలికే చేరాడు. మిగిలింది రెండు గదుల ఇల్లు, ఆరు లక్షల ప్రామిసరీ నోట్లు. ఢిల్లీ నుంచి వచ్చిన విలేకరికి అన్నీ తెలుస్తాయనుకున్నాడేమో, పక్కకు తీసుకెళ్లి అడిగాడు: ‘‘సార్, ఇల్లు మా ఇంటామె పేరు మీదికి మారిస్తే అప్పులోళ్లు ముట్టరంటున్రు. నిజమేనా?’’

ఆడిటర్ క్లయింటుదీ ఈ కార్మికుడిదీ ఒకే ప్రశ్న. నా ఆస్తి నా అప్పు చేతికి చిక్కకుండా ఎలా? ఒకరికి జవాబు చెప్పడానికి వకీళ్లూ ఆడిటర్లూ ఉన్నారు. రెండోవాడికి మన ఊళ్లలో తరతరాలుగా తెలిసిన మాట ఒకటే, ఐపీ పెట్టడం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే ఇంగ్లీషు మాట రెండక్షరాలై తెలుగులో తిట్టుగా స్థిరపడింది. ట్రస్టు పెట్టినవాడు ముందుచూపు గలవాడు, ఐపీ పెట్టినవాడు ఎగవేతదారు. ఈ తేడా నీతిలో ఉందా, కాగితంలో ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ట్రస్టు అనగానే దేవస్థానమో ధర్మాసుపత్రో గుర్తొస్తుంది. ఆడిటర్ చెప్పినది అది కాదు, 1882 నాటి భారత ట్రస్టుల చట్టం కింద ఏర్పడే ప్రైవేటు ట్రస్టు. దాని నిర్మాణం సరళమైనది. ఆస్తిపరుడు తన ఆస్తిని ఒక ట్రస్టీకి అప్పగిస్తాడు. ట్రస్టీ దాన్ని లబ్ధిదారుల మేలు కోసం నిర్వహిస్తాడు. స్థిరాస్తి అయితే రిజిస్టరైన పత్రమైనా ఉండాలి, వీలునామా అయినా ఉండాలి. ఆ తర్వాత ఇచ్చినవాడి చేతిలో ఎంత అధికారం మిగిలిందన్న దాన్ని బట్టే రక్షణ ఎంత అన్నది తేలుతుంది. తక్కినదంతా వివరమే.

రద్దు చేసుకోగల ట్రస్టును తీసుకుందాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు. రేపు మంచాన పడితే ఆస్తి వ్యవహారాలు ఆగిపోకుండా నడవడానికి ఇది పనికొస్తుంది. కానీ ఆదాయపు పన్ను చట్టం ఆ ట్రస్టు ఆదాయాన్ని ఇచ్చినవాడి ఆదాయంగానే లెక్కిస్తుంది. అప్పులవాళ్ల నుంచి ఇది రక్షిస్తుందనుకోవడం భ్రమ. తాను తిరిగి తీసుకోగలిగిన ఆస్తి తనది కాదని వాదిస్తే ఏ న్యాయస్థానమూ చెవిన పెట్టదు.

రద్దు చేయలేని ట్రస్టు వేరు. అందులో మళ్లీ రెండు రకాలున్నాయి. కొడుక్కి సగం, కూతురికి సగం అని వాటాలు తేల్చి రాసేది మొదటి రకం. ఎవరి వాటా ఆదాయం మీద వారి రేటు ప్రకారమే పన్ను. తండ్రి అప్పుల నుంచి ఆస్తి బయటపడుతుంది గానీ, రేపు కొడుకు అప్పుల్లో పడితే అతని వాటా జప్తుకు దొరుకుతుంది. రెండో రకం విచక్షణాధికార ట్రస్టు. ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది ట్రస్టీల ఇష్టం. పంచేదాకా ఏ లబ్ధిదారుడికీ ఇదీ నా వాటా అని చెప్పుకునే హక్కు లేదు. హక్కు లేనిచోట జప్తు చేయడానికీ ఏమీ లేదు. అందుకు ప్రతిఫలంగా ఆదాయం మీద సాధారణంగా గరిష్ఠ రేటున పన్ను చెల్లించాలి. ఆడిటర్ నవ్వు వెనక ఉన్నది ఈ రకమే.

వీలునామా ద్వారా ఏర్పడే ట్రస్టూ ఉంది. అది మరణానంతరమే ప్రాణం పోసుకుంటుంది. బతికుండగా ఏ రక్షణా ఇవ్వదు. చనిపోయాక కూడా ముందు అప్పులు తీర్చి, మిగిలినదే పంచాలి.

కాబట్టి రక్షణ కావాలంటే యాజమాన్యాన్ని వదులుకోవాలి. ఇచ్చేశానని చెప్పి తాళంచెవి జేబులో పెట్టుకోవడం కుదరదు. ఇంకో షరతు దీనికన్నా ముఖ్యం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే చట్టం ఒప్పుకోదు. ఆస్తి బదిలీ చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం, అప్పులవాళ్లకు ఎగవేసే ఉద్దేశంతో చేసిన స్థిరాస్తి బదిలీని వాళ్లు కోర్టులో రద్దు చేయించవచ్చు. 2016 నాటి దివాలా స్మృతి, కంపెనీ తన సంబంధీకులకు కారుచవకగా కట్టబెట్టిన ఆస్తుల విషయంలో రెండేళ్లు వెనక్కి వెళ్లి చూస్తుంది. మోసపూరిత ఉద్దేశం రుజువైతే ఆ గడువు కూడా లేదు.

విజయ్ మాల్యా కథ ఇందుకు అందరికీ తెలిసిన పాఠం. 2016 ఫిబ్రవరిలో డియాజియో సంస్థ నుంచి అందిన 4 కోట్ల డాలర్లను ఆయన తన ముగ్గురు బిడ్డలు లబ్ధిదారులుగా ఉన్న ట్రస్టులకు మళ్లించారు. అప్పటికే బ్యాంకులు కోర్టుల్లో వెంటాడుతున్నాయి. 2017 మే 9న సుప్రీంకోర్టు అది కోర్టు ధిక్కారమని తేల్చింది. 2022 జూలై 11న నాలుగు నెలల జైలుశిక్ష, 2,000 రూపాయల జరిమానా విధిస్తూ, ఆ బదిలీలు చెల్లవనీ 8 శాతం వడ్డీతో సొమ్ము తిరిగి జమ చేయాలనీ ఆదేశించింది. ట్రస్టు పేరు పెట్టినంత మాత్రాన గోడ లేచి నిలబడదు. అయితే ఆయన లండన్‌లో ఉన్నారు, ఆదేశం ఢిల్లీలో ఉంది. చట్టం సరిగ్గా చెప్పడం వేరు, చేయి చాచి పట్టుకోవడం వేరు.

లింబాయత్ నేతగాళ్ల తాతలు ఏ రాజు పాలనలో బతికారో ఆ రాజు ఈ పని ఇంకా నేర్పుగా చేశారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన సంపదను కుటుంబ ట్రస్టు, ఆభరణాల ట్రస్టు, ధర్మకార్యాల ట్రస్టు అంటూ పలు ట్రస్టుల్లోకి మార్చారు. ఆభరణాల ట్రస్టు 1951 నాటిది. ఆయన 1967లో కన్నుమూశారు. నగలు చెదిరిపోలేదు. 1995లో భారత ప్రభుత్వం 173 ఆభరణాలను దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నది. కుటుంబ ట్రస్టులపై సంపద పన్ను ఎలా వేయాలన్న వివాదం 1977లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వారసుల తగాదాలూ దశాబ్దాలు నడిచాయి. ట్రస్టు ఆస్తిని కాపాడింది గానీ బంధుత్వాలను కాపాడలేదు.

ఇప్పుడు రాజకీయ ప్రశ్నకు వద్దాం. ఈ రక్షణ ఎవరి నుంచి? ప్రచార సభల్లో వినిపించిన జవాబు ప్రభుత్వం నుంచి, పన్ను నుంచి అని. వాస్తవం అలా లేదు. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ గరిష్ఠ రేటు ఒక దశలో 85 శాతానికి చేరింది. 1985 బడ్జెట్‌లో వీపీ సింగ్ దాన్ని రద్దు చేసేనాటికి ఏడాది వసూళ్లు దాదాపు 20 కోట్లు మాత్రమే. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ ఎత్తివేశారు. 2013-14లో దాని రాబడి 1,008 కోట్లు. ఒకటి కాంగ్రెస్, రెండోది బీజేపీ రద్దు చేశాయి. ఆస్తిపరుల విషయంలో జాతీయ ఏకాభిప్రాయం ఎప్పుడో కుదిరింది. నాలుగు దశాబ్దాలుగా వారసత్వం మీద పన్నే లేదు.

మరి ట్రస్టులకు ఇంత గిరాకీ ఎందుకు? పన్ను మళ్లీ వస్తుందేమోనన్న భయం ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం 2019 డిసెంబరు 1న మొదలైంది. కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చిన ప్రమోటర్ల మీద దివాలా చర్యలు తీసుకునే నిబంధనలు ఆ రోజు అమల్లోకి వచ్చాయి. 2021 మేలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. కంపెనీ మునిగినా బంగళా మునగదన్న ధీమా పోయింది. అంటే నేటి కుటుంబ ట్రస్టు తరచూ కాపాడేది బ్యాంకు నుంచి. ఆ బ్యాంకులో ఉన్నది ఎవరి డిపాజిట్లు? మనవే. గోడకు అవతల నిలబడ్డది పన్ను అధికారి ఒక్కడే కాదు, మన పొదుపు కూడా.

ప్రతి ట్రస్టూ పాపమని నేననడం లేదు. మానసిక వైకల్యం ఉన్న బిడ్డను వదిలి వెళ్లాల్సిన తల్లిదండ్రులకు విచక్షణాధికార ట్రస్టును మించిన ఊరట లేదు. వ్యాపారం మొదలుపెట్టేటప్పుడే, అప్పుల్లేనినాడే భార్యాబిడ్డలకు కొంత పక్కన పెట్టడం వివేకమే. అభ్యంతరమల్లా ఆ వివేకం వకీలు ఫీజు, స్టాంపు డ్యూటీ కట్టగలవాడికే దక్కడం మీద.

నిజానికి మన చట్టం పేదవాడికీ ఒక ట్రస్టు రాసిపెట్టింది. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టంలోని 6వ సెక్షన్ చూడండి. భర్త తన జీవితబీమా పాలసీని భార్య, పిల్లల మేలు కోసం అని పాలసీ మీదే రాయిస్తే అది దానంతటదే ట్రస్టు అవుతుంది. భర్త దాన్ని ముట్టుకోలేడు, అతని అప్పులవాళ్లూ ముట్టుకోలేరు, అప్పులు ఎగ్గొట్టడానికే ప్రీమియం కట్టాడని రుజువైతే తప్ప. హిందువులు, ముస్లింల పాలసీలకు ఈ సౌకర్యం మద్రాసులో 1913 చివరి నుంచే, అప్పట్లో ఈ చట్టం అమలైన మిగిలిన ప్రాంతాల్లో 1923 ఏప్రిల్ నుంచి ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉండేవి గనుక ఆంధ్రులకు ఇది వందేళ్లకు పైబడిన హక్కు. నిజాం ఇలాకాలోని తెలంగాణకు 1959 నాటి విస్తరణ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఖర్చు? పాలసీ తీసుకునేనాడు అదనంగా నింపే ఒక కాగితం. నామినీ పేరు రాయడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. నామినీని ఎప్పుడైనా మార్చవచ్చు, పాలసీని తాకట్టు పెట్టవచ్చు. లింబాయత్ కార్మికుడికి పాలసీ ఉంది. నామినీగా భార్య పేరుంది. 6వ సెక్షన్ మాట ఏజెంటు చెప్పలేదు, అతను వినలేదు.

అంతకన్నా విలువైనది సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్. డబ్బు డిక్రీ కింద ఏవి జప్తు చేయరాదో అది చెబుతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, చేతివృత్తివాడి పనిముట్లు, కూలివాడి వేతనం. అంతేకాదు, వ్యవసాయదారుడో కూలివాడో ఇంటి పనివాడో సొంతంగా కలిగి, తాను నివసిస్తున్న ఇల్లు కూడా. కూలివాడంటే నైపుణ్యం ఉన్నవాడైనా లేనివాడైనా అని వివరణలో రాసి ఉంది. తాకట్టు పెట్టకపోతే, నేత కార్మికుడి ఇంటికీ వజ్రం సానపట్టేవాడి ఇంటికీ ప్రామిసరీ నోటు అప్పుల నుంచి రక్షణ ఉంది.

కనుక అతని ప్రశ్నకు నా జవాబు ఇది. భార్య పేరు మీదికి ఇప్పుడు మారిస్తే చెల్లదు, పైగా మోసగాడన్న ముద్ర పడుతుంది. మార్చకుండా అందులోనే ఉంటే, కూలివాడిగా చట్టమే కాపాడవచ్చు. ఈ మాట చెప్పగానే అతని ముఖం విప్పారింది. వెంటనే రెండో ప్రశ్న వేశాడు: ‘‘నేను కూలోన్నే అని ఏం చూపెట్టాలె?’’

అక్కడ నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ల పనికి అతని దగ్గర నియామక పత్రం లేదు, జీతం చీటీ లేదు, పీఎఫ్ నంబరు లేదు. సేటు పుస్తకంలో మీటర్ల లెక్క మాత్రం ఉంది, అది సేటు దగ్గరే ఉంది. అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం, ఎనిమిది సాంచాలు కిరాయికి పట్టినప్పుడు రాసుకున్న ఒప్పందం. అది అతన్ని కూలివాడిగా కాదు, యజమానిగా చూపిస్తుంది. అప్పులవాడి వకీలు కోర్టుకు చూపేది ఆ కాగితాన్నే.

ఆడిటర్ క్లయింటును కాపాడేది డబ్బు ఒక్కటే కాదు, సకాలంలో పుట్టిన కాగితం. కార్మికుడిని ముంచుతున్నది పేదరికం ఒక్కటే కాదు, పుట్టని కాగితం. రక్షణ చట్టంలో ఉండి, దాన్ని అడిగేందుకు రుజువు లేకపోవడం మన అసంఘటిత కార్మికుడి అసలు దివాలా.

వ్యక్తుల దివాలాలో మరో విచిత్రం ఉంది. కొత్త స్మృతి ప్రకారం దివాలాకు వెళ్లే వ్యక్తికి తాకట్టులో లేని ఒక ఇల్లు, పట్టణంలో 20 లక్షలు, గ్రామంలో 10 లక్షల విలువ దాకా మినహాయింపు. కానీ వ్యక్తులకు సంబంధించిన ఆ భాగాన్ని ఇప్పటిదాకా కార్పొరేట్ హామీదారులకే అమలు చేశారు. వందల కోట్ల అప్పుకు సంతకం పెట్టినవాడికి ఆ మినహాయింపు వర్తిస్తుంది. ఎనిమిది సాంచాలు నడిపి మునిగినవాడికి మాత్రం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే గతి. ఐపీ అన్న తిట్టు నూరేళ్లుగా ఊరికే బతికి లేదు.

వారసత్వ పన్ను మీద గొంతు చించుకున్న పార్టీలు చేయగల పనులు ఉన్నాయి. వ్యక్తుల దివాలా భాగాన్ని అందరికీ అమలు చేయాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. అది సూరత్, భివండీ, సిరిసిల్ల షెడ్లలోని మీటరు కూలీకి అందేలా చూడాలి. అందనిచోట, ఈ-శ్రమ్ నమోదునే 60వ సెక్షన్ కింద ప్రాథమిక రుజువుగా గుర్తించాలి. ప్రతి బీమా దరఖాస్తులో 6వ సెక్షన్ ప్రశ్నను దరఖాస్తుదారు భాషలో అడగాలి.

ఇంకొకటి రాజకీయ నాయకులకే. ఎన్నికల ప్రమాణపత్రంలో అభ్యర్థి తన ఆస్తినీ, జీవిత భాగస్వామి ఆస్తినీ, ఆధారపడినవారి ఆస్తినీ ప్రకటిస్తాడు. విచక్షణాధికార ట్రస్టులోకి వెళ్లిన ఆస్తి చట్టరీత్యా వీరెవరిదీ కాదు. కాబట్టి ఏ ట్రస్టుకు ఆస్తి ఇచ్చారు, ఏ ట్రస్టులో లబ్ధిదారుగా ఉన్నారు అన్న ప్రశ్నను విడిగా, సూటిగా అడగాలి. కూలివాడు తాను కూలివాడినని నిరూపించుకోవాల్సిన దేశంలో, పాలించేవాడు తన ఆస్తి తనది కాదని ఒక్క సంతకంతో తప్పుకోకూడదు.

తిరుగు ప్రయాణానికి ముందు మరోసారి లింబాయత్ వెళ్లాను. ఇల్లు మార్చవద్దనీ, సేటు దగ్గర పని చేసిన కాలానికి ఒక చీటీ అయినా రాయించుకోమనీ చెప్పాను. అతను తల ఊపాడు. సేటు రాసిస్తాడా అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.